సున్నంలో ఐదు, మైలుతుత్తంలో ఇరవై ఒకటి

ఈసారి వచ్చిన ఉత్తరాలలో రసాయన ఫార్ములాల గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నందున, వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. ముందుగా ఒక మనవి. ఇక్కడ ఫార్ములాలను తెలుగు అక్షరాలలోనే అచ్చు వేస్తున్నాము. ఒకే మూలకానికి రెండక్షరాల గుర్తు ఉంటే ఆ రెండింటినీ కలిపి రాశాము. మూలకం మారినచోట కొంచెం ఎడం ఇచ్చాము. ఆ ఎడం ఎందుకు అవసరమయిందో నాలుగో ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. తడి సున్నం ఫార్ములా సిఏ (ఓ హెచ్)₂ లో మొత్తం ఎన్ని పరమాణువులు ఉన్నాయని పరీక్షలో అడిగితే నాలుగు అని రాసింది: కాల్షియం ఒకటి, ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్ రెండు. అది తప్పని కొట్టేశారు. అలాగే 2 హెచ్₂ ఓ అన్నప్పుడు ముందున్న రెండుకూ, కిందనున్న రెండుకూ తేడా ఏమిటని అడిగింది. నేను చెప్పలేకపోయాను.
— ఒక తల్లి, ఆదోని

జవాబు: మీ అమ్మాయికి లెక్క వచ్చు, ఆమె చూడకుండా వదిలేసింది బ్రాకెట్‌ను మాత్రమే. ఫార్ములాలో ఏ అంకె కనిపించినా, ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ‘ఈ అంకె అధికారం ఎంతవరకు చెల్లుతుంది’ అన్నది. ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే మిగిలినదంతా కూడిక.

గుర్తుకు కుడివైపు కింద చిన్నగా వేసే అంకె మన ఒత్తు వంటిది. ‘అమ్మ’ అన్న మాటలో మ ఒత్తు మకారానికే చెందుతుంది, పక్కనున్న అకారం జోలికి పోదు. అదేవిధంగా హెచ్₂ ఓ లోని రెండు హైడ్రోజన్‌ది మాత్రమే. ఆక్సిజన్‌కు అంకె లేదు కాబట్టి అది ఒకటే. అయితే అంకె బ్రాకెట్ మూసిన తర్వాత పడితే సంగతి వేరు. అది శుభలేఖలో ‘సకుటుంబంగా’ అని రాసి పిలవడం లాంటిది. లోపలున్న వారందరికీ ఆ పిలుపు వర్తిస్తుంది. (ఓ హెచ్)₂ అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి ఉన్న జట్లు రెండు, అంటే ఆక్సిజన్లు రెండు, హైడ్రోజన్లు రెండు. వాటికి కాల్షియం ఒకటి కలిపితే ఐదు. బ్రాకెట్ లేకుండా సిఏ ఓ హెచ్₂ అని రాసి ఉంటే మీ అమ్మాయి చెప్పిన నాలుగే సరైన జవాబు అయ్యేది. కానీ అటువంటి పదార్థం సున్నపు తొట్టిలో దొరకదు.

ఫార్ములాకు ముందు, అదే వరుసలో, పెద్దగా వేసే అంకె గుణకం. దాని అధికారం ఆ ఫార్ములా మొత్తం మీద చెల్లుతుంది. హెచ్₂ ఓ అంటే ఒక నీటి అణువు, అందులో మూడు పరమాణువులు. 2 హెచ్₂ ఓ అంటే రెండు నీటి అణువులు, ఆరు పరమాణువులు. గుణకాన్ని మార్చితే పదార్థం ఎంత ఉందన్నది మాత్రమే మారుతుంది. కింది అంకెను మార్చితే పదార్థమే మారిపోతుంది. హెచ్₂ ఓ తాగే నీరు. హెచ్₂ ఓ₂ పుండ్లు కడగడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్. సమీకరణాలను తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు వైపులా పరమాణువులను సమానం చేసేటప్పుడు, కింది అంకెలను ముట్టుకోవద్దని ఉపాధ్యాయులు పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

అణువు, పరమాణువు అన్న మాటల దగ్గర కూడా పిల్లలు తడబడతారు. అందులో వారి తప్పు లేదు. పత్రికలలో అణుబాంబు, అణుశక్తి అని చదువుతారు. అక్కడ అణువు అంటే నిజానికి పరమాణువు, ఇంకా సరిగా చెప్పాలంటే పరమాణువులోని కేంద్రకం. పాఠ్యపుస్తకంలో మాత్రం అణువు అంటే పరమాణువులు కలిసి ఏర్పడినది. పరీక్షలో పుస్తకం మాటే చెల్లుతుంది.

సున్నం ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొంత చెప్పుకోవచ్చు, ఎందుకంటే పరమాణువులను లెక్కపెట్టడం నేర్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. పిడుగురాళ్ల చుట్టుపక్కల బట్టీలలో కాల్చే సున్నపురాయి సిఏ సి ఓ₃. ఇందులో కాల్షియం ఒకటి, కార్బన్ ఒకటి, ఆక్సిజన్ మూడు, మొత్తం ఐదు పరమాణువులు. సుమారు 900 డిగ్రీల వేడిలో ఈ ఐదూ రెండుగా, మూడుగా విడిపోతాయి: రెండు పరమాణువుల పొడి సున్నం సిఏ ఓ బట్టీలో మిగులుతుంది, మూడు పరమాణువుల కార్బన్ డయాక్సైడ్ సి ఓ₂ గాలిలో కలుస్తుంది. ఆ పొడి సున్నం మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అప్పుడు రెండుకు నీటిలోని మూడు చేరి ఐదు పరమాణువుల తడి సున్నం తయారవుతుంది. దానిని గోడకు వేశాక, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని, నీటిని వదిలిపెట్టి, మళ్లీ సిఏ సి ఓ₃ గా మారుతుంది. ఐదుకు మూడు చేరి ఎనిమిది. అందులోంచి నీటి రూపంలో మూడు పోగా మళ్లీ ఐదు. సున్నం వేసిన రోజుకన్నా కొన్నాళ్ల తర్వాత గోడ తెల్లగా, గట్టిగా తేలడానికి ఇదే కారణం. అంటే పండక్కి సున్నం వేసిన గోడ మీద ఉన్నది, బట్టీలోకి వెళ్లిన ఆ సున్నపురాయే. ఈ దారి అంతటా ఒక్క పరమాణువు కూడా కొత్తగా పుట్టలేదు, ఒక్కటీ మాయం కాలేదు.

ప్రశ్న: యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అని ఉంటుంది. ఇంటర్ చదివే మా అబ్బాయి యూరియా ఫార్ములా చూసి, మొత్తం ఎనిమిది పరమాణువులలో నత్రజనివి రెండే కాబట్టి పాతిక శాతమే ఉండాలంటున్నాడు. ఎవరి మాట నిజం? డీఏపీ బస్తా మీద 18-46 అంటే ఏమిటో కూడా చెప్పగలరు.
— ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇద్దరి మాటా నిజమే. మీ అబ్బాయి తలలు లెక్కపెట్టాడు, బస్తా మీద బరువు లెక్క వేశారు.

యూరియా ఫార్ములా సి ఓ (ఎన్ హెచ్₂)₂. ఇక్కడ అంకె మీద అంకె ఉంది. బ్రాకెట్ లోపలి రెండు హైడ్రోజన్‌ది; బయటి రెండు ఆ జట్టు మొత్తానిది. కాబట్టి నత్రజని రెండు, హైడ్రోజన్ రెండు రెళ్లు నాలుగు, కార్బన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి, మొత్తం ఎనిమిది. ఇంతవరకు అబ్బాయి లెక్క పొల్లు పోలేదు.

అయితే పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. హైడ్రోజన్ బరువును ఒకటి అనుకుంటే కార్బన్ 12, నత్రజని 14, ఆక్సిజన్ 16 తూగుతాయి. నాలుగు హైడ్రోజన్లు కలిసినా బరువు నాలుగే. రెండు నత్రజనులు 28. కార్బన్, ఆక్సిజన్ కలిపి మరో 28. మొత్తం 60. అరవైలో ఇరవై ఎనిమిది అంటే 46.7 శాతం. బస్తాలోని యూరియాలో కొద్దిగా తేమ, తయారీలో పుట్టే బైయూరెట్ అనే పదార్థం కూడా ఉంటాయి కాబట్టి 46 అని అచ్చు వేస్తారు. ఇప్పుడు వస్తున్న 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. నేలకు, పైరుకు కావలసింది కిలోల లెక్క కాబట్టి బస్తా మీద బరువు శాతం వేయడమే న్యాయం.

డీఏపీ సంగతి కొంచెం తిరకాసు. దాని పూర్తి పేరు డైఅమ్మోనియం ఫాస్ఫేట్, ఫార్ములా (ఎన్ హెచ్₄)₂ హెచ్ పి ఓ₄. హైడ్రోజన్లను లెక్కపెట్టేటప్పుడు చాలామంది ఎనిమిది దగ్గర ఆగిపోతారు. బ్రాకెట్ బయట ఒంటరిగా ఉన్న హెచ్ ను మరచిపోతారు. అది కూడా కలిపితే తొమ్మిది. నత్రజని రెండు, భాస్వరం ఒకటి, ఆక్సిజన్ నాలుగు చేర్చితే మొత్తం పదహారు. బస్తా మీద 18 అంటే నత్రజని శాతం. అందులో తిరకాసేమీ లేదు. 46 మాత్రం భాస్వరం శాతం కాదు. ఆ భాస్వరాన్ని పి₂ ఓ₅ అనే ఆక్సైడ్ రూపంలో ఊహించి చెప్పిన లెక్క అది. మీరు బస్తా అంతా వెతికినా పి₂ ఓ₅ ఒక్క పలుకు కూడా దొరకదు. పూర్వం రాళ్లను, మొక్కల బూడిదను పరీక్షించిన రసాయన శాస్త్రవేత్తలు ప్రతి మూలకాన్నీ ఆక్సైడ్‌గా లెక్కగట్టేవారు. ఆ అలవాటు ఎరువుల వ్యాపారంలో అలాగే నిలిచిపోయింది. పి₂ ఓ₅ లో భాస్వరం బరువు 142 కు 62. కనుక 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల పి₂ ఓ₅ అని చెబితే, అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. పొటాష్ బస్తా మీద వేసే అంకె కూడా ఇలాగే కె₂ ఓ, అంటే పొటాషియం ఆక్సైడ్, లెక్క. ఒక బస్తాను మరొక బస్తాతో పోల్చుకోవడానికి ఈ పద్ధతి వల్ల ఇబ్బంది లేదు, అందరూ ఒకే కొలత వాడుతున్నారు కాబట్టి. కానీ యూరియా మీది 46 నూ, డీఏపీ మీది 46 నూ పక్కపక్కన పెట్టి ఒకటే అనుకోవడం మాత్రం పొరపాటు.

ప్రశ్న: పోటీ పరీక్షలో మైలుతుత్తం ఫార్ములా ఇచ్చి పరమాణువులు ఎన్ని అని అడిగారు. మధ్యలో చుక్క ఉంది కాబట్టి గుణకారం అనుకుని, ఆరును పదిహేనుతో హెచ్చవేసి తొంభై గుర్తించాను. సమాధానాల పట్టికలో 21 అని ఇచ్చారు. లెక్కలలో చుక్క గుణకారమే కదా?
— ఒక ఉద్యోగార్థి, వరంగల్

జవాబు: లెక్కలలో గుణకారమే. రసాయన శాస్త్రంలో ఆ చుక్కకు ‘దీనితో పాటు’ అని అర్థం. సియూ ఎస్ ఓ₄ · 5 హెచ్₂ ఓ అంటే, ఒక్కొక్క కాపర్ సల్ఫేట్‌తో పాటు ఐదేసి నీటి అణువులు స్ఫటికంలో కుదురుకుని ఉన్నాయని చెప్పడం. చుక్కకు ఎడమవైపు రాగి ఒకటి, గంధకం ఒకటి, ఆక్సిజన్ నాలుగు, మొత్తం ఆరు. కుడివైపు ఐదు నీటి అణువులు, ఒక్కొక్కదానిలో మూడు చొప్పున పదిహేను. కూడితే 21. చుక్క తర్వాతి ఐదు నీటిని మాత్రమే హెచ్చవేస్తుంది. చుక్క దాటి ఎడమవైపుకు రావడానికి దానికి అధికారం లేదు.

ఈ నీరు కాగితం మీది లెక్క కాదు, కంటికి కనబడేదే. నేను పాఠం చెప్పిన రోజుల్లో నెమలికంఠం రంగులో మెరిసే మైలుతుత్తం పలుకు ఒకటి తీసుకుని, గాజు గొట్టంలో వేసి, సన్నని మంట మీద కాస్త వంచి పట్టుకునేవాడిని. కాసేపటికి గొట్టం మూతి దగ్గర, చల్లగా ఉన్నచోట, చెమట పట్టినట్లు నీటి బిందువులు కనిపించేవి. అడుగున నీలం మెల్లగా వెలిసిపోయి, చివరకు బూడిద కలిసిన తెల్లని పొడి మిగిలేది. అది చల్లారాక ఒక్క నీటి చుక్క వేస్తే చుర్రుమని మళ్లీ నీలం. వెనుక బెంచీలలో నిద్రపోయేవారు కూడా అప్పుడు మాత్రం లేచి నిలబడేవారు. బరువు లెక్క చూస్తే, వంద గ్రాముల మైలుతుత్తంలో సుమారు 36 గ్రాములు నీరే. తోటలలో తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమానికి మైలుతుత్తం కొనే రైతులు ప్రతి కిలోకూ మూడో వంతుకు పైగా నీటికే డబ్బు ఇస్తున్నారన్న మాట. అయితే ఇందులో మోసం లేదు, ఆ పదార్థం స్వరూపమే అది. మైలుతుత్తం విషం కాబట్టి ఈ ప్రయోగాన్ని వంటింట్లో గానీ, వంట గిన్నెలలో గానీ చేయవద్దు.

బ్రాకెట్, చుక్క రెండూ ఉన్న ఫార్ములా ఒకటి సాధన కోసం ఇస్తున్నాను. గడ్డం గీశాక మంగలి రుద్దే పటిక, బురద నీటిలో తిప్పితే మడ్డిని అడుక్కి దించే పటిక, కె ఏఎల్ (ఎస్ ఓ₄)₂ · 12 హెచ్₂ ఓ. పొటాషియం ఒకటి, అల్యూమినియం ఒకటి, గంధకం రెండు, ఆక్సిజన్ ఎనిమిది కలిపి పన్నెండు, నీటివి 36, మొత్తం 48. ఇక్కడ ఖమ్మం రైతు గారి అబ్బాయి ప్రశ్న మళ్లీ వస్తుంది. పటికలోని పరమాణువులలో ముప్పాతిక వంతు నీటివే, కానీ బరువులో నీటి వాటా 45 శాతం చిల్లర మాత్రమే.

ప్రశ్న: మేము ఇంట్లో పిల్లలకు సైన్సు తెలుగులో చెబుతున్నాము. ‘సిఓ’ అంటే కోబాల్ట్ అని ఒకచోట, కార్బన్ మోనాక్సైడ్ అని మరొకచోట ఉంది. అలాగే సోడియం ఎస్ తో మొదలవుతుంటే గుర్తు ఎన్ఏ ఎందుకు?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇంగ్లిషులో ప్రతి మూలకపు గుర్తూ పెద్దక్షరంతో మొదలవుతుంది. రెండో అక్షరం ఉంటే అది తప్పనిసరిగా చిన్నది. కాబట్టి పెద్ద సి పక్కన చిన్న ఓ ఉంటే కోబాల్ట్, ఒకే పరమాణువు, లోహం. పెద్ద సి పక్కన పెద్ద ఓ ఉంటే కార్బన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి, మొత్తం రెండు పరమాణువులు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారి ప్రాణం తీసే వాయువు. ఫార్ములాలో పరమాణువులను లెక్కపెట్టే ముందు మూలకాలు ఎన్నో తేల్చుకోవాలి. అందుకు పెద్దక్షరాలను లెక్కపెడితే చాలు, ఒకే గుర్తు మళ్లీ వస్తే మాత్రం దానిని రెండోసారి లెక్కపెట్టకూడదు. తెలుగులో రాసేటప్పుడు ఆ సదుపాయం లేదు కనుకనే సిఓ అని కలిపి, సి ఓ అని విడదీసి రాస్తున్నాము. పిల్లలు ఎలాగూ పై తరగతులలో ఇంగ్లిషు గుర్తులనే చూస్తారు కాబట్టి, మాట తెలుగులో చెప్పినా గుర్తును మాత్రం ఇంగ్లిషులోనే రాయించడం మేలని నా అభిప్రాయం.

ఈ అక్షరాల పద్ధతిని 1813 ప్రాంతంలో ప్రతిపాదించిన స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ లాటిన్ పేర్లను ఆధారం చేసుకున్నాడు. సోడియంకు నేట్రియం, పొటాషియంకు కేలియం, ఇనుముకు ఫెర్రం, సీసానికి ప్లంబం. ఒకప్పుడు నీటి గొట్టాలు సీసంతో చేసేవారు. కుళాయి బాగుచేసే ప్లంబర్‌కు ఆ పేరు ఈ ప్లంబం నుంచే వచ్చింది. బెర్జీలియస్ అంకెలను గుర్తుల పైన వేసేవాడు. 1834 లో జర్మనీ శాస్త్రవేత్తలు లీబిగ్, పొగెన్‌డార్ఫ్ వాటిని కిందికి దించారు.

ప్రశ్న: ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఫార్ములాలో నీటి ముందు ‘½’ అని ఉంది. నీటి అణువును సగానికి కోస్తే అది నీరు ఎలా అవుతుంది?
— డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కోయలేదు. ఇటువంటి ఘనపదార్థాలలో ఫార్ములా చెప్పేది విడి అణువు సంగతి కాదు, నిష్పత్తి. మనం తినే ఉప్పు కూడా అంతే: ఎన్ఏ సిఎల్ అన్నాము కదా అని, ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా విడిగా తిరుగుతుంటాయని కాదు, ఉప్పు పలుకు అంతటా ఆ రెండూ సమాన సంఖ్యలో వరుసలు తీరి ఉంటాయని అర్థం. సిఏ ఎస్ ఓ₄ · ½ హెచ్₂ ఓ అంటే రెండు కాల్షియం సల్ఫేట్లకు ఒక నీటి అణువు చొప్పున ఉందన్న మాట. సగం అంకె మింగుడుపడకపోతే మొత్తాన్ని రెట్టింపు చేసుకోండి: కాల్షియం రెండు, గంధకం రెండు, ఆక్సిజన్ ఎనిమిది, నీటివి మూడు, వెరసి 15 పరమాణువులు. ఈ పొడిని నీటితో కలిపినప్పుడు ఆ పదిహేనుకు మరో మూడు నీటి అణువులు, అంటే తొమ్మిది పరమాణువులు చేరి 24 అవుతాయి. అవి సరిగ్గా రెండు జిప్సమ్‌లు, ఒక్కొక్కటి (సిఏ ఎస్ ఓ₄ · 2 హెచ్₂ ఓ) 12. పొడి రాయిలా గట్టిపడటం అంటే ఇదే. చెయ్యి విరిగి కట్టు వేయించుకున్నవారికి, తడి కట్టు గట్టిపడుతున్నప్పుడు లోపల వెచ్చబడటం గుర్తుండే ఉంటుంది. జిప్సమ్ ను వేడిచేసి ఈ పొడిని తయారుచేసినప్పుడు పోయిన నీళ్లు తిరిగి చేరుతున్నప్పుడు పుట్టినదే ఆ వెచ్చదనం.

ప్రశ్న: నీటిలో మూడు పరమాణువులే ఉంటే, ఒక నీటిబొట్టులో కూడా మూడేనా?
— ఆరో తరగతి విద్యార్థి, తణుకు

జవాబు: మూడు ఉండేది ఒక అణువులో, బాబూ. బొట్టులో అణువులు ఎన్నో చూద్దాం. మందు వేసే గొట్టంతో వేస్తే ఒక మిల్లీలీటరుకు సుమారు ఇరవై బొట్లు వస్తాయి, కాబట్టి 18 గ్రాముల నీరు 360 బొట్లు. (నీటి అణువు బరువు హైడ్రోజన్లవి రెండు, ఆక్సిజన్‌ది పదహారు కలిపి 18 కాబట్టి ఈ తూకం ఎంచుకున్నాము.) ఆ 18 గ్రాములలో నీటి అణువులు 6,022 రాసి పక్కన ఇరవై సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. దానిని 360 తో భాగించి, వచ్చినదానిని మూడుతో హెచ్చవేస్తే, ఒక్క బొట్టులో ఉన్న పరమాణువులు ఐదు పక్కన ఇరవై ఒక్క సున్నాలు. మన లెక్కలో చెప్పాలంటే ఐదు కోట్ల కోట్ల కోట్లు. అందులో మూడింట రెండు వంతులు హైడ్రోజన్‌వి, ఒక వంతు ఆక్సిజన్‌ది.